ఎవరూ బయటికి రాని ఆస్పత్రికి నేనిచ్చిన నిరూపణ

నేను రిటైరై రెండేళ్లయింది. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా అపార్ట్‌మెంటు చుట్టూ పొద్దున నడుస్తుంటే కుర్రాళ్లు అడుగుతుంటారు, "అంకుల్, మీరేం పని చేసేవారు?" అని. "సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదని తర్కంతో నిరూపించేవాణ్ని" అంటే మర్యాదగా తలూపి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. మా ఆవిడ ఇంకా సులువుగా చెబుతుంది. "ఈయన ఇంట్లో వాదిస్తారు కదా, ఆఫీసులో అదే ఉద్యోగం."

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తెలుగు పిల్లలు కొందరు ఈ మధ్య ఇంటికొచ్చి, ఏ పుస్తకాలు చదవాలని అడుగుతున్నారు. పుస్తకాలు నాకన్నా మీకే బాగా తెలుసు. నేను ఇవ్వగలిగింది నేను చేసిన ఒక తప్పు. ఆషామాషీ తప్పు కాదు. తర్కం రానివాడు ఎంత ప్రయత్నించినా ఆ తప్పు చేయలేడు. దానికి చదువు కావాలి, అనుభవం కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పొగరు కావాలి. మూడూ నా దగ్గర పుష్కలంగా ఉండేవి.

అసలు ఈ పని ఏమిటి

ఢిల్లీ వచ్చిన కొత్తలో మునిర్కాలో మూడో అంతస్తు గదిలో అద్దెకుండేవాణ్ని. ఇంటావిడ మెట్ల దగ్గర గోడ మీద నిబంధనలు రాయించింది. నీళ్ల మోటారు కింది అంతస్తువాళ్లే వేయాలి. పై ట్యాంకు ఖాళీ అయిందని ఆవిడ చెబితేనే వేయాలి. ట్యాంకు సంగతి పై అంతస్తువాళ్లు ఆవిడకే చెప్పాలి. ఆవిడ స్నానం, పూజ అయ్యేదాకా ఎవరూ తలుపు తట్టకూడదు. ఏ నిబంధన చూసినా న్యాయంగానే ఉంది. కానీ ట్యాంకు రాత్రే ఖాళీ అయితే? ఆవిడ స్నానానికి నీళ్లు లేవు. స్నానం కాకుండా ఆవిడకు చెప్పకూడదు. ఆవిడ చెప్పకుండా మోటారు వేయకూడదు. నాలుగు మంచి నిబంధనలు కలిసి ఒక భవనాన్ని మురికిగా ఉంచగలవని నేను కాగితం మీద గీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, "బేటా, బకెట్ తీసుకుని కిందికి రా" అంది. కింద చేతి పంపు ఉంది.

మా పని అంతా ఇదే. ఒక పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాలి, ఎవరు ఒప్పుకుంటే ముందుకు కదలాలి అన్న వరసను వర్క్‌ఫ్లో అంటారు. టెస్టింగ్ వాళ్లు అందులో పది దారులో వంద దారులో నడిచి చూస్తారు. మేము ఆ నిబంధనలన్నిటినీ తర్కం భాషలో రాసి, "ఇలాంటి చెడు ఎన్నటికీ జరగదు" అన్న హామీని దాని పక్కన రాస్తాం. యంత్రం అన్ని దారుల్లోనూ నడుస్తుంది. ఎక్కడైనా హామీ తప్పితే ఆ దారిని మన ముఖాన పెడుతుంది. ఎక్కడా తప్పకపోతే ఆకుపచ్చ గుర్తు చూపిస్తుంది. ఆ ఆకుపచ్చ రంగు చాలా ప్రమాదకరమైనది. దాన్ని చూసినవాడికి వినికిడి తగ్గుతుంది.

వాదనలో గెలవడం అనే జబ్బు

మా నాన్న చీరాలలో సైన్సు మాస్టారు. ఆదివారం పూట ఊరి గ్రంథాలయంలోని చదువరుల గదిలో చర్చలు నడిపేవారు. జాతకానికి రుజువుందా, శకునానికి కారణముందా, ఇలాంటివి. ఆయన పెట్టిన షరతు ఒకటే. ఎదుటివాడి వాదనను ముందు నీ నోటితో నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని అతను ఒప్పుకున్నాకే నీ జవాబు మొదలుపెట్టాలి. నేను జవాబులు నేర్చుకున్నాను. షరతు నేర్చుకోలేదు.

పదహారేళ్లప్పుడు ఆ గదిలో ఒక రత్నాల జ్యోతిష్కుణ్ని నోరెత్తకుండా చేశాను. ఆయన, "నిష్ఠగా ఉంగరం ధరించిన ప్రతివాడికీ ఫలితం దక్కింది" అన్నాడు. "ఫలితం దక్కనివాడు?" అన్నాను. "నిష్ఠ లేనివాడు." "అయితే నిష్ఠ ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? పేరు చెప్పండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. నాన్న కొట్టలేదు. ఇంటికి వెళ్తూ దారిలో, "ఆ ప్రశ్న బాగుందిరా. నిన్ను నువ్వు కూడా అడుగుతూ ఉండు" అన్నారు. నా గురించి ఎందుకంటున్నారో నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఖురానా గారి పండిత్‌జీ

నోయిడాలో మా కంపెనీ డైరెక్టర్ ఖురానా. మంచి మనిషి. కింది ఉద్యోగుల ఇళ్లలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా స్వయంగా ఫోన్ చేసేవాడు. కానీ ఆయన కారు ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడేవి, ఆఫీసు సర్వర్ గది గుమ్మానికి కూడా వేలాడేవి. ఏ కొత్త వ్యవస్థ మొదలుపెట్టాలన్నా ఆయన వాళ్ల పండిత్‌జీకి ఫోన్ చేయాల్సిందే.

ఫరీదాబాద్‌లో ఒక ఆస్పత్రికి మేము డిశ్చార్జి వర్క్‌ఫ్లో తయారుచేశాం. అంతకుముందు అక్కడ ఒక పొరపాటు జరిగింది. పెద్ద డాక్టరు సంతకం పెట్టాక ఎవరో డిశ్చార్జి కాగితంలో మందు మోతాదు మార్చారు. రోగి ఇంటికెళ్లి తప్పు మోతాదు మింగాడు. అదృష్టవశాత్తూ బతికాడు. అందుకని సూపరింటెండెంటు ఒకే మాట అడిగాడు. ఇద్దరు డాక్టర్లు ఒకే కాగితం చూసి సంతకం పెట్టకుండా ఏ రోగీ గేటు దాటకూడదు. రెండూ పడితే గేటు దగ్గర స్క్రీన్ ఆకుపచ్చగా మారుతుంది, గార్డు వదులుతాడు. లేకపోతే ఎరుపు.

పండిత్‌జీ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలుపెట్టమన్నాడు. అంతకు ముందు గంటన్నర రాహుకాలమట. నేను మీటింగులో లేచి, పదిన్నరకే మొదలుపెట్టాలన్నాను. వార్డు రౌండ్లు పదికి అయిపోతాయని, డిశ్చార్జీలు అప్పుడే మొదలవుతాయని కారణం చెప్పాను. కారణం నిజమే. కానీ నేను పదిన్నర అన్నది అందుకు కాదు. పండిత్‌జీని ఓడించడానికి.

"రావ్ సాబ్, గంటన్నరలో ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు ఖురానా.

"తర్కంతో నిరూపించినదానికి ముహూర్తం ఎందుకు? రెండు రెళ్లు నాలుగు అనడానికి కూడా పండిత్‌జీని అడుగుతారా?"

గదిలో కుర్రాళ్లు నవ్వారు. నాకు చదువరుల గది గుర్తొచ్చింది. ఖురానా చేతులెత్తేసి, "ఠీక్ హై, సాఢే దస్. లేకిన్ జిమ్మేదారీ ఆప్‌కీ" అన్నాడు. బాధ్యత నాదేనని నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శుక్రవారం ఏ కొత్త వ్యవస్థనూ మొదలుపెట్టకూడదు. రాహువుకు దీంతో సంబంధం లేదు. శనివారం ఆఫీసులో ఎవరూ ఉండరు. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. నా వాదన ధాటికి ఎవరికీ గుర్తురాలేదు.

నాలుగు సెకన్లు

సంతకం పెట్టాక మార్పులు జరగకుండా నేనే ఒక నిబంధన చేర్చాను. కాగితంలో ఏ మార్పు జరిగినా అంతకుముందు పడ్డ సంతకం రద్దు. దానికి చాలా గర్వపడ్డాను. తరవాత హామీ రాశాను: రెండు సంతకాలు చెల్లుబాటులో లేకుండా ఏ రోగీ గేటు దాటడు. యంత్రానికి ఇచ్చాను. నాలుగు సెకన్లలో ఆకుపచ్చ.

అలాంటి లెక్క మామూలుగా అరగంట నడుస్తుంది. నాలుగు సెకన్లలో ముగిస్తే ఏమనుకోవాలి? నేను ఎంత చక్కగా రాశానో అనుకున్నాను. టెస్టింగ్ వాళ్లు రెండు వారాలు కావాలంటే, "నిరూపణ ఉండగా పరీక్ష ఎందుకు?" అన్నాను. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. టెస్టింగ్ వాళ్లను చిన్నబుచ్చే తార్కికుణ్ని మీరు ఎక్కడ చూసినా నా పేరు చెప్పి దూరంగా జరగండి.

శుక్రవారం

పదిన్నరకు ఆస్పత్రిలో మొదలుపెట్టాం. సూపరింటెండెంటు పాత గేట్ పాస్ పుస్తకాలకు బీరువాలో తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఏదో సమావేశానికి ఢిల్లీ వెళ్లాడు. నేను కింద రిసెప్షన్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. టీ తెప్పించుకున్నాను.

పదకొండున్నరకు లాబీ బస్టాండులా తయారైంది. సంచులు సర్దుకుని, బూట్లు తొడుక్కుని, ఇంటికెళ్లడానికి సిద్ధమైన మనుషులు గేటు దగ్గర పోగుపడ్డారు. గార్డు రాంపాల్ హర్యానా మనిషి. తన స్క్రీన్ వైపు చూపించి అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు. "లాల్ సై. మైఁ కే కరూఁ?" ఎర్రగా ఉంది, నేనేం చేయను అని.

పైన ఇంకో నాటకం నడుస్తోంది. వార్డు డాక్టరు నేహా సంతకం పెట్టింది. పై అంతస్తులో పెద్ద డాక్టరు భాటియా సంతకం పెట్టాడు. నేహా స్క్రీన్ మీద "మీ సంతకం పెండింగ్" అని వచ్చింది. మళ్లీ పెట్టింది. భాటియాకు పెండింగ్ వచ్చింది. ఆయన పెట్టాడు. చివరికి ఆయన ఫోన్ చేశాడు.

"నేహా, నా సంతకం ఎందుకు తీసేస్తున్నావు?"

"నేనెక్కడ తీశాను సర్? మీరే నాది తీసేస్తున్నారు."

"నేను ముప్పయ్యేళ్లుగా డాక్టర్ని. నీ సంతకం తీయాల్సిన అవసరం నాకేమిటి?"

"నాకు మాత్రం ఏమిటి సర్?"

ఒక్క రోగి కోసం ఇద్దరూ పదకొండేసి సార్లు సంతకం పెట్టారు. అప్పటికి మాట్లాడుకోవడం మానేశారు.

నేను మాత్రం డాక్టర్లకు వాడటం రాలేదని తేల్చుకుని, తెలుగులో గొణుక్కుంటూ వినియోగదారుల తప్పులని ఒక జాబితా రాస్తున్నాను. అది విని ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. చేతికి సూది తీసిన చోట దూది, భుజాన సంచి.

"సార్, మీరు తెలుగోళ్లా? నన్ను జర బయటికి పంపియ్యుండ్రి."

పేరు స్వరూప. జగిత్యాల దగ్గరి పల్లె. మునిర్కాలో గది తీసుకుని అక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఫరీదాబాద్‌లో వాళ్లక్క ఇంటికొచ్చినప్పుడు డెంగ్యూ పట్టుకుంది. ఇప్పుడు నయమైంది, డాక్టర్లు ఇంటికి పొమ్మన్నారు.

"రెండున్నరకు నా వైవా సార్. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ సాయంత్రం ఫ్లైట్‌కు వాపస్ పోతడు. ఇయ్యాల తప్పితే మళ్ల మూడు నెలలు. మా దిక్కు కాలేజీల కొలువొచ్చింది. వైవా అయిందని సోమవారం కాగితం చూపియ్యకుంటే అది ఇంకొకల్లకు పోతది."

గడియారం పన్నెండు చూపిస్తోంది. అక్కణ్నించి యూనివర్సిటీకి గంటన్నర పైనే.

"డాక్టర్లు సరిగ్గా సంతకం పెడితే తెరుచుకుంటుందమ్మా. సిస్టంలో తప్పు లేదు."

"తప్పు లేదని ఎట్ల చెప్తున్నరు సార్?"

"నిరూపించాను. రెండు సంతకాలు లేకుండా ఒక్క రోగి కూడా ఈ గేటు దాటడు. ఏ దారిన వెళ్లినా."

"మరి రెండు సంతకాలు ఉన్నోళ్లు దాటుతరా?"

"దాటాలి."

"దాటుతరని నిరూపించిన్రా?"

నేను టీ కప్పు కింద పెట్టాను. ఆ అమ్మాయి గేటు వైపు చూసింది. గొడవకొచ్చినట్టు కాదు, మామూలుగా, బస్సు వచ్చిందా అని అడిగినట్టే అడిగింది.

"పొద్దటి సంది ఒక్కలన్న బయటికి పోయిన్రా సార్?"

ఎవరూ పోలేదు.

మా ఫ్లాట్‌లో ఉన్న ఏనుగులన్నీ హిందీ మాట్లాడతాయి. ఈ మాట అబద్ధమని నిరూపించాలంటే మీరు మా ఫ్లాట్‌లో హిందీ రాని ఏనుగును చూపించాలి. ఎక్కణ్నించి తెస్తారు? కాబట్టి తర్కం ప్రకారం ఆ మాట నిజం. రెండు సంతకాలు లేకుండా ఎవరూ గేటు దాటరు అన్న నా హామీ కూడా అలాగే నిజం, ఎందుకంటే ఎవరూ గేటు దాటరు. యంత్రం నాలుగు సెకన్లలో చెప్పింది అదే. ఆకుపచ్చ గుర్తు పెట్టింది నా ఏనుగులకు.

ఎందుకు దాటరో ఒక్క నిమిషంలో కనిపించింది. ఏ మార్పు జరిగినా పాత సంతకం రద్దు అన్నాను కదా. రెండో డాక్టరు సంతకం కూడా ఆ కాగితంలో జరిగిన మార్పే. అది పడగానే మొదటిది పోతుంది. మొదటిది మళ్లీ పెడితే రెండోది పోతుంది. ప్రపంచం అంతమయ్యేదాకా నేహా, భాటియా అలా సంతకాలు పెట్టుకుంటూ కూర్చోవాలి. వాళ్లు ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంత ఖచ్చితంగా ఎవరూ బయటపడరు.

నిష్ఠ ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా, పేరు చెప్పండి అని పదహారేళ్లప్పుడు అడిగింది నేనే. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఈ లాబీలో లేకపోవడం ఒక్కటే నాకు ఊరట.

సిస్టం సరిచేసి పంపడానికి సాయంత్రమవుతుంది. పాత పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఢిల్లీలో ఉంది. రాంపాల్ దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. అతను తన స్టూలు కింద చేయి పెట్టి సగం వాడిన గేట్ పాస్ పుస్తకం ఒకటి తీశాడు.

"ఇది జమ చేయలేదా?" అన్నాను.

"సాబ్, నిన్న లిఫ్ట్ ఆగిపోయింది. మొన్న ఏసీ ఆగిపోయింది. మీ మెషీన్ ఏమైనా ఆకాశం నుంచి దిగిందా?"

ఆ భవనంలో ఆ రోజు హేతుబద్ధంగా ఆలోచించిన మనిషి అతనొక్కడే. కీడు జరగవచ్చు అనుకున్నాడు, దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నాడు, ఎవరితోనూ వాదించలేదు.

నేను మెట్లెక్కి ఇద్దరు డాక్టర్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కాగితం మీద పెన్నుతో సంతకాలు పెట్టించాను. భాటియా సంతకం పెట్టాక కాగితాన్ని వెలుగులోకి ఎత్తి నేహా సంతకం ఇంకా ఉందా అని చూశాడు. ఉంది. ఇద్దరూ నవ్వారు. మొదటి పాస్ స్వరూపది. రాంపాల్ దానికి ముద్ర వేసి, తలుపు తీసి, "జా బేటీ, పాస్ హో కే ఆ" అన్నాడు, పాసై రమ్మని.

బయట ఉన్నది నా కోసం ఖురానా పంపిన ఆయన కారు ఒక్కటే. అమ్మాయిని ఎక్కించి డ్రైవరుకు చిరునామా చెప్పాను. కారు ముందు నిమ్మకాయ ఊగుతోంది.

"గిది పని చేస్తదా సార్?" అంది స్వరూప.

"చేయదు" అన్నాను. ఖురానా దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్లలో ఆ మాట అంత మెల్లగా ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం మెసేజ్ పంపింది. పావుగంట ఆలస్యంగా చేరిందట. బయటి ప్రొఫెసర్ ఇంకా రాలేదట, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆమె కన్నా పది నిమిషాలు వెనక వచ్చాడట. వైవా అయిపోయింది. డాక్టర్ స్వరూప అని కింద రాసింది.

రాహువుకు అప్రైజల్ లేదు

సోమవారం ఖురానా నన్ను గదిలోకి పిలిచాడు. కోప్పడతాడనుకున్నాను. టీ ఇచ్చాడు. ఆస్పత్రికి పంపాల్సిన ఉత్తరం నా ముందు పెట్టాడు. అనుకూలం కాని వేళలో ప్రారంభించడం వల్ల ఆటంకం కలిగిందని, పండితుల సలహాతో మంచి ముహూర్తంలో మళ్లీ మొదలుపెడతామని అందులో ఉంది. కింద నా సంతకానికి జాగా వదిలాడు.

"సూపరింటెండెంట్ భక్తుడు. ఇది చదివి ఇంకో మాట మాట్లాడడు" అన్నాడు.

"కానీ ఇది అబద్ధం కదా."

"రావ్ సాబ్, తప్పు మీది అని రాస్తే రేపట్నించి మీ నిరూపణను ఈ ఆఫీసులో ఎవడు నమ్ముతాడు? మీ ఉద్యోగం సంగతి నేను పైవాళ్లకు ఏం చెప్పాలి? రాహువుదని రాశామనుకోండి, ఎవరికీ నష్టం లేదు. రాహువుకు అప్రైజల్ లేదు, భయ్యా."

మూఢనమ్మకం మీద ముప్పయ్యేళ్లు ఉపన్యాసాలిచ్చినవాణ్ని. అది అజ్ఞానం వల్ల పుడుతుందనుకునేవాణ్ని. ఆ గదిలో మొదటిసారి దాని అసలు ఉపయోగం చూశాను. అది చాలా సౌకర్యమైనది. అందులో తప్పు చేసినవాడు ఉండడు. ఖురానా నన్ను వంచించడం లేదు, మనస్ఫూర్తిగా కాపాడుతున్నాడు. నిజం చెబుతున్నాను, టీ అయిపోయేదాకా ఆలోచించాను. ఉద్యోగం పోతే ఆ వయసులో ఇంకోటి దొరకదు.

కానీ నేను నోరు మూసుకుంటే గెలిచేది పండిత్‌జీ. ఆయన్ను ఓడించడానికి నాకు మిగిలిన ఆయుధం ఒక్కటే, తప్పు నాదని ఒప్పుకోవడం. ఉత్తరం తిప్పి వెనకవైపు మూడు వాక్యాలు రాశాను. ఏ నిబంధన తప్పో, నేను ఏం నిరూపించానో, ఏం నిరూపించకుండా వదిలేశానో. సంతకం పెట్టాను. ఖురానా చదివి, "ఆప్ భీ నా", మీరూ ఉన్నారే, అని తల పట్టుకుని, అదే పంపించాడు.

ఉద్యోగం పోలేదు. ఆస్పత్రి పని నుంచి తీసేసి, ఎనిమిది నెలలు మా కంపెనీ సెలవు దరఖాస్తుల వర్క్‌ఫ్లో తనిఖీ చేయమన్నారు. జ్వరం వచ్చినవాడు జ్వరం రావడానికి మూడు రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవాలని అందులో కనిపెట్టాను.

ఫరీదాబాద్‌లో సరిచేసిన సిస్టం పండిత్‌జీ చెప్పిన వేళకు, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. చక్కగా పనిచేసింది. ముహూర్తం మార్చాక బాగుపడిందని ఆ ఆస్పత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా మూడు వాక్యాలు ఏదో ఫైల్లో ఉన్నాయి. హేతువాదులు ఇలాంటివాటికి అలవాటుపడాలి.

కానీ ఆ తరవాత మా బృందంలో ప్రతి తనిఖీ పట్టిక మొదటి వరసలో ఒక వాక్యం చేర్చాను. చెడు జరగదని నిరూపించే ముందు, జరగాల్సిన మంచి ఒక్కసారైనా జరగగలదని చూపించాలి. దాన్ని నా మాటల్లో రాస్తే బరువుగా ఉంది. అందుకని ఆ రోజు లాబీలో స్వరూప అడిగిన తెలుగు ప్రశ్ననే నాగరి లిపిలో రాసి పెట్టాను. తెలుగు రాని మీరట్ వాళ్లూ పానిపట్ వాళ్లూ దాన్ని మంత్రంలా బట్టీ పట్టారు.

నా ఆఖరి రోజు కేకు కోసి, శాలువా కప్పి, అందరూ సీట్లకు వెళ్లాక, మీరట్ అమ్మాయి మేఘా కొత్త నిరూపణ ఒకటి నడిపింది. మూడు సెకన్లలో ఆకుపచ్చ వచ్చింది. ఆమె సంతోషపడలేదు. కుర్చీ నా వైపు తిప్పి, తనకు రాని భాషలో అడిగింది.

"ఒక్కలన్న బయటికి పోయిన్రా, సర్?"

"చూడు" అన్నాను.

చూసింది. ఎవరూ పోలేదు. ఆకుపచ్చ గుర్తు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. నేను టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని లిఫ్ట్ వైపు నడిచాను.